నాన్న వారం, తమ్ముడి పాయింట్లు

మా నాన్న గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకుని 1973లో ఒహాయో వచ్చారు. 1988లో ఫ్లోరిడాలో, డిస్నీ వరల్డ్ దగ్గరున్న కిసిమీలో, ఒక రిసార్టులో ఒక వారం కొన్నారు. ఒక్కో ఇంటిని ఏడాదిలోని వారాల లెక్కన పంచి, వారానికో దస్తావేజు రాసి అమ్మడమే టైమ్‌షేర్. నాన్నకు వచ్చింది 26వ వారం, అంటే జూన్ ఆఖరు, జులై మొదలు. రెండు పడగ్గదులు, హాలు, వంటిల్లు. అప్పటి ధర 9,500 డాలర్లు.

అమ్మ 2019లో పోయింది. నాన్న 2024 నవంబరు 14న పోయారు. ఇల్లు, బ్యాంకు ఖాతాలు, అమ్మ నగలు పెద్దగా మాటల్లేకుండానే పంచుకున్నాం. ఈ ఒక్క వారం దగ్గర ఆగిపోయాం. అది ముగ్గురు పిల్లలకూ సమానమని, ఎవరైనా వద్దంటే వాళ్ల వాటా మిగతావాళ్లకు చెందాలని నాన్న వీలునామాలో రాశారు.

2025 జులై 4న కొలంబస్‌లోని నాన్న ఇల్లు సర్దడానికి ముగ్గురం కలిశాం. ఆ వారాన్ని ఉంచుకుని, ఏటా వేరే ఊళ్లకు మార్చుకుంటూ వాడుకుందామని అక్క పట్టు. దాన్ని వదిలేసి పాయింట్ల క్లబ్బులో చేరాలని తమ్ముడి పట్టు. చేరాలనుకోవడం కూడా అయిపోయింది. అంతకు ఆరు రోజుల ముందే ఓర్లాండోలో సంతకం పెట్టి వచ్చాడు. నేను నడిమిదాన్ని. ఇద్దరి మాటా విన్నాను. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో ఇవాళో రేపో చాలామందికి ఈ చర్చ తప్పదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

అక్క: ముందు ఈ పసుపు ప్యాడ్ చూడరా. ఎవరి చేతిరాతో తెలుసుగా? "1992, విలియమ్స్‌బర్గ్. రెండు బెడ్రూములు. స్టవ్ పెద్దది, కుక్కర్ పట్టింది." "1995, గాట్లిన్‌బర్గ్. కొండ బాగుంది. నీళ్ల ధార సన్నం." "2001, సెడోనా. ఎర్ర మట్టి. అమ్మకు నచ్చింది." ఇలా పద్నాలుగు ఊళ్లున్నాయి. ఫ్లోరిడాలో కొన్న ఒక్క వారంతో నాన్న పద్నాలుగు ఊళ్లు చూపించాడు మనకు.

తమ్ముడు: నాకు గుర్తులేకేం అక్కా. అమ్మ పోపు పెడితే పొగ అలారం మోగడం, నాన్న కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసరడం. అన్నీ గుర్తున్నాయి. ఆ రోజులు వేరు, ఈ కాయితం వేరు. ఆ ప్యాడ్ కిందే బిల్లులు కూడా వరసగా గుచ్చిపెట్టాడు నాన్న. అవి కూడా చదువు. 1988లో మెయింటెనెన్స్ ఫీజు 240. ఈ ఏడాది 1,180. దాదాపు అయిదింతలు. మనం వెళ్లినా కట్టాలి, వెళ్లకపోయినా కట్టాలి. ఇవాళ 26వ వారం నడుస్తోంది. కిసిమీలో ఆ ఇల్లు తాళం వేసి ఉంది. డబ్బు మాత్రం జనవరిలోనే నాన్న ఎస్టేట్ ఖాతాలోంచి వెళ్లిపోయింది.

అక్క: ఈ ఏడాది ఖాళీగా ఉన్నది మనం తేల్చుకోలేదు గనక. తేల్చుకుంటే ఆ వారాన్ని ఎక్స్‌ఛేంజ్ కంపెనీలో వేస్తాను. ఆర్‌సీఐ 1974 నుంచి, ఇంటర్వల్ ఇంటర్నేషనల్ 1976 నుంచి చేస్తున్న పని అదే. మన వారం వాళ్ల దగ్గర జమ చేస్తాం, ఇంకెవరో జమ చేసిన వారం మనం తీసుకుంటాం. పల్లెటూళ్లో వడ్లు కొలిచిచ్చి కూరగాయలు తెచ్చుకున్నట్టే. ఇప్పుడు లెక్క చెప్తా విను. ఫీజు 1,180. మెంబర్‌షిప్ ఒక 110. మార్పిడి రుసుము ఒక 280. మొత్తం 1,570. ఏడు రాత్రులకు పంచితే రాత్రికి 225 లోపు. ఆరుగురు పడుకునే ఇల్లు, వంటిల్లుతో సహా ఆ డబ్బుకు వస్తుందా?

తమ్ముడు: ఊరిని బట్టి వస్తుంది. ఫిబ్రవరిలో గాట్లిన్‌బర్గ్ అయితే అంతకంటే తక్కువకే అద్దెకు దొరుకుతుంది. స్ప్రింగ్ బ్రేక్‌లో మావీ అయితే 225 చాలా చవక, ఒప్పుకుంటా. కానీ అది నీకు దొరకాలిగా? ఓర్లాండో చుట్టూ టైమ్‌షేర్లు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. అందరి దగ్గరా ఉన్న సరుకుకు బదులుగా ఎవరి దగ్గరా లేని సరుకు ఎవడిస్తాడు? జమ చేసిన వారానికి వాళ్లు ఇన్ని యూనిట్లని విలువ కడతారు. నువ్వడిగిన వారానికి కూడా కడతారు. నీ అంకె చాలకపోతే లేదు పొమ్మంటారు.

అక్క: మన వారం వేసవి సెలవుల్లోది, రెండు బెడ్రూములది. మరీ తీసిపారేసే అంకె రాదు. పైగా వారం మొదలవడానికి తొమ్మిది నెలలు అంతకుముందే జమ చేస్తే పూర్తి విలువ ఇస్తారు. ఆలస్యం చేసేకొద్దీ తగ్గుతుంది. నాన్న ప్రతి ఏడూ దసరా లోపలే జమ చేసేవాడు. అందుకే ఆయనకు ఊళ్లు దొరికాయి.

తమ్ముడు: నువ్వే అంటున్నావుగా, నాన్న చేసేవాడని. ఆ ఓపిక ఆయనది. రాత్రి క్లినిక్ నుంచి వచ్చి ఫోన్ పట్టుకుని గంటసేపు కూర్చునేవాడు. ఆయన కొడుకునైనా నాకు ఆ ఓపిక లేదు. మా ఇద్దరి ఉద్యోగాల్లో వచ్చే ఏడాది జూన్ సంగతి ఇప్పుడు చెప్పలేం. ఒకేసారి ఏడు రోజులు సెలవు దొరకదు. మూడు రాత్రులు ఒకసారి, నాలుగు రాత్రులు ఇంకోసారి దొరుకుతాయి. వారం దస్తావేజు శనివారం నుంచి శనివారం వరకే. పాయింట్లు అలా కావు. ఖాతాలో డబ్బులాగా ఉంటాయి. మంగళవారం వెళ్లి శుక్రవారం రావచ్చు. ఈ ఏడాది మిగిలితే వచ్చే ఏడాదికి దాచుకోవచ్చు. చాలకపోతే వచ్చే ఏడాదివి ముందే వాడుకోవచ్చు. ఒక్కడినీ వెళ్తే చిన్న గది, అందరం వెళ్తే పెద్ద ఇల్లు. అందుకే పేరున్న కంపెనీలు వారాలు మానేసి పాయింట్లలోకి వచ్చాయి. డిస్నీ 1991లో క్లబ్ పెట్టినప్పుడే పాయింట్లతో మొదలుపెట్టింది. మారియట్ 2010లో అటు మళ్లింది.

అక్క: పాయింట్లు సులువని నేనూ ఒప్పుకుంటా. కానీ అక్కడ మాత్రం పరుగు లేదా? డిస్నీనే తీసుకో. నీ సొంత రిసార్టు అయితే పదకొండు నెలల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు, మిగతావాటికి ఏడు నెలల ముందు నుంచే. క్రిస్మస్ వారం కావాలంటే అక్కడ కూడా జనవరిలోనే లేచి కూర్చోవాలి. ఏ తేదీకి ఎన్ని పాయింట్లో సీజన్‌ను బట్టి పట్టికలో ఉంటుంది. పిల్లలకు సెలవులున్న రోజులకే ఎక్కువ. ముందుచూపు లేనివాడికి వారమైనా ఒకటే, పాయింట్లయినా ఒకటే. సరే, అసలు సంగతి చెప్పు. ఎంత పెట్టావు?

తమ్ముడు: పాతిక వేలు. అయిదు వేలు అక్కడే కట్టా. మిగతా ఇరవై వేలు వాళ్లే అప్పిచ్చారు. పదేళ్లు.

అక్క: వడ్డీ?

తమ్ముడు: పద్నాలుగు శాతం.

అక్క: ఒరేయ్, ఇంటి అప్పుకు ఏడు శాతం ఎక్కువని ఏడాదిపాటు ఆగినవాడివి నువ్వు. విహారానికి పద్నాలుగు ఎలా ఒప్పుకున్నావురా? నెలకు 310 డాలర్లు. పదేళ్లకు 37 వేల పైచిలుకు. ముందు కట్టిన అయిదు వేలు కలిపితే 42 వేలు దాటింది. దాని మీద క్లబ్బుకు ఏటా ఫీజు ఎంత?

తమ్ముడు: 1,350.

అక్క: అది కూడా నాన్న ఫీజులాగా పెరిగేదే. పెరగకపోయినా పదేళ్లలో పదమూడున్నర వేలు. మొత్తం 55 వేల పైన. నా దారిలో ఏటా మార్చుకుంటూ తిరిగినా పదేళ్లకు పదహారు వేలు దాటదు. అప్పు చేసి పప్పు కూడు అని అమ్మ ఊరికే అనేది కాదు.

తమ్ముడు: నీ లెక్క తప్పని అనను. కానీ నీ లెక్కలో ఒక పద్దు లేదు. ఆ దస్తావేజుకు ముగింపు ఉందా? చదువు. "శాశ్వతం." నువ్వు బతికున్నన్నాళ్లూ కట్టాలి. తర్వాత నీ కూతురు కట్టాలి. 2004 ఆగస్టు 13న చార్లీ తుఫాను వచ్చింది. సెప్టెంబరు ముగిసేలోపు ఫ్రాన్సెస్, జీన్ వచ్చాయి. పైకప్పులు పోయాయని ఒక్కో వారం యజమాని మీదా ప్రత్యేక వసూలు వేశారు. నాన్న దగ్గర 600 తీసుకున్నారు, ఆ రసీదు కూడా ఇందులోనే ఉంది. ఆ భవనాలకు ఇప్పుడు నలభై ఏళ్లు వస్తున్నాయి. ముందు ముందు అలాంటి వసూళ్లు ఎన్ని వస్తాయో ఎవరు చెప్పగలరు? కట్టకపోతే బాకీ కింద దావా, అప్పుల చరిత్ర మీద మచ్చ. అమ్ముదామంటే కొనేవాడు లేడు. ఇలాంటి వారాలు ఒక్క డాలరుకు ఇస్తామని పెట్టినా నెలల తరబడి అలాగే పడి ఉంటున్నాయి. నష్టానికి అమ్మినా, సొంత వాడకానికి కొన్నది కాబట్టి ఆ నష్టాన్ని పన్నులో చూపించుకోనివ్వరు. దీన్ని ఆస్తి అని ఎలా అంటావు?

అక్క: ఆస్తి అని నేను అనలేదు. వాడుకునే వస్తువు అంటున్నా. నాన్న దాని ఖరీదు ఎప్పుడో కట్టేశాడు. కట్టేసిన దాన్ని పారేసి కొత్తగా పాతిక వేలు పెట్టడం నాకు మనసొప్పదు.

తమ్ముడు: నాన్న కట్టేశాడన్న మాటే మనల్ని దారి తప్పిస్తోంది అక్కా. ఆయన పెట్టిన 9,500 తిరిగి రాదు, మనం ఉంచుకున్నా రాదు, వదిలేసినా రాదు. ఇవాళ నుంచి మన జేబులోంచి ఏం పోతుంది, మనకేం వస్తుంది, అదొక్కటే లెక్క. ఇంకో సంగతి. నాన్న ఫోన్‌కు ఇప్పటికి మూడుసార్లు కాల్ వచ్చింది. మీ వారానికి కొనేవాడు సిద్ధంగా ఉన్నాడు, ముందుగా 2,400 పంపితే కాయితాలు నడిపిస్తామని. నాన్న పోయిన సంగతి కూడా వాళ్లకు తెలుసు.

అక్క: వాటికి జవాబు చెప్పొద్దు. ముందు డబ్బడిగేవాడు ఎవడైనా మోసగాడే. మెక్సికోలో ప్యూర్టో వల్యార్తా కేంద్రంగా ఒక మాదకద్రవ్యాల ముఠా ఇదే పని చేస్తోందని 2023లో అమెరికా ట్రెజరీ శాఖ ఆంక్షలు పెట్టింది. వాళ్ల చేతిలో పడ్డవాళ్లు ఎక్కువమంది మన నాన్న వయసువాళ్లే.

తమ్ముడు: అందుకే అంటున్నా, ఇప్పుడే తెంపేసుకుందాం. మన లాయరు ఏం చెప్పాడు? వారసత్వం బలవంతం కాదు. వద్దని రాసిచ్చే హక్కు ఉంది. దాన్ని డిస్‌క్లెయిమర్ అంటారు. ఫెడరల్ పన్ను చట్టం 2518వ సెక్షన్ ప్రకారం మనిషి పోయిన తొమ్మిది నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. అంటే ఆగస్టు 14. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేం. ఇంకో షరతు ఉంది. ఆ ఆస్తి వల్ల ఏ లాభమూ పొంది ఉండకూడదు. నువ్వు దాన్ని ఎక్స్‌ఛేంజ్‌లో జమ చేసినా, ఒక్క రాత్రి అక్కడ పడుకున్నా ఒప్పుకున్నట్టే లెక్క. ఓర్లాండోలో ఉండి కూడా నా పిల్లల్ని నాన్న ఇంటికి తీసుకెళ్లకపోవడానికి కారణం అదే.

*(ఈ మాట దగ్గర అక్క కాసేపు ప్యాడ్ కేసి చూస్తూ ఉండిపోయింది. వాడు అక్కడికి పది మైళ్ల దూరంలో ఉండి, నాన్న వారం మొదలైన రోజే, వెళ్లకుండా ఆగాడని మా ఇద్దరికీ అప్పుడే తెలిసింది.)*

అక్క: వెళ్లాలనిపించలేదా?

తమ్ముడు: అనిపించింది. బయటి నుంచి కారులో ఒక చుట్టు తిరిగి వచ్చా. ఆ మధ్యాహ్నమే క్లబ్బువాళ్లు ప్రెజెంటేషన్‌కు పిలిచారు, తొంభై నిమిషాలన్నారు, నాలుగు గంటలైంది. గోడ మీద ఒక ఫొటో, తాత మనవణ్ణి భుజం మీద ఎక్కించుకుని ఉన్నాడు. మీ పిల్లలకు మీరేం మిగిల్చి వెళ్తారని అడిగింది అక్కడి అమ్మాయి. నాకు నాన్న గుర్తొచ్చాడు. నేనూ నా పిల్లలకు ఒకటి ఉంచాలి కదా అనుకున్నా. ఈ ధర ఇవాళ్టికే అన్నారు. సంతకం పెట్టేశా.

అక్క: 1988లో నాన్న కూడా అలాగే పెట్టి ఉంటాడురా. నువ్వు ఆరేళ్లవాడివి అప్పుడు. ఏదీ, ఆ కాయితాలు ఇలా ఇవ్వు. నీ క్లబ్ ఎన్నేళ్లకు?

తమ్ముడు: నలభై ఏళ్లనుకుంటా. క్లబ్బులకు గడువు ఉంటుందిగా. డిస్నీ వాళ్ల మొదటి రిసార్టు ఓల్డ్ కీ వెస్ట్ అసలు ఒప్పందాలు 2042 జనవరి 31తో అయిపోతాయి. ఆ తర్వాత ఎవరికీ ఏమీ బాకీ ఉండదు. నాకు నచ్చింది అదే.

అక్క: అది డిస్నీ ఒప్పందం. నువ్వు సంతకం పెట్టింది ఇది. పదకొండో పేజీ చూడు. ట్రస్టులో వాటా, "శాశ్వతంగా, వారసులకు సంక్రమించేలా". నాన్న దస్తావేజులో ఉన్న మాటే ఇక్కడా ఉంది. నా కూతురి మెడకు చుట్టుకుంటుందని నాకు చెప్పినవాడివి, నీ ఇద్దరు పిల్లల మెడకూ చుట్టావు.

*(తమ్ముడు ఆ పేజీ రెండుసార్లు చదివాడు. తర్వాత మాటలో ముందున్న జోరు లేదు.)*

తమ్ముడు: వాళ్లు ఈ మాట చెప్పలేదు. నేనూ అడగలేదు.

అక్క: ఇవే పాయింట్లు పాత యజమాని దగ్గర కొంటే ఎంతకు వస్తాయో అడిగావా?

తమ్ముడు: నిన్న రాత్రి చూశా. అయిదో వంతుకు దొరుకుతున్నాయి. కానీ అలా కొన్నవాళ్లకు క్లబ్ అన్ని సౌకర్యాలూ ఇవ్వదు. డిస్నీ కూడా 2019 జనవరి 19 నుంచి బయట కొన్నవాళ్లను రివియెరా మొదలుకుని కొత్త రిసార్టుల్లోకి రానివ్వడం లేదు.

అక్క: అంటే కంపెనీ దగ్గర పాతిక వేలకు కొన్న వస్తువు మర్నాటి ఉదయానికి అయిదు వేలది. కారు కూడా అంత పడిపోదు కదరా. పైగా క్లబ్బులో చేరకుండానే, సభ్యుల దగ్గర పాయింట్లు అద్దెకు తీసుకుని వెళ్లొచ్చేవాళ్లు ఎంతోమంది. నీకు మూడు రాత్రులు కావాలంటే మూడు రాత్రులకే డబ్బు. శాశ్వతం లేదు, వారసులు లేరు.

తమ్ముడు: సరే. నా కాయితం బాగాలేదు, ఒప్పుకున్నా. దాంతో నీ కాయితం బాగున్నట్టు కాదు. ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. నీ కూతుర్ని అడిగావా?

అక్క: అడిగాను.

తమ్ముడు: ఏమంది?

అక్క: "అమ్మా, తాతగారంటే నాకు ప్రాణం. ఆ బిల్లు మాత్రం నాకొద్దు" అంది.

తమ్ముడు: మరి?

అక్క: మరేముంది. నాకు యాభై అయిదు. పదేళ్లు తిరగగలను. రిటైరయ్యాక వారాలకు వారాలు ఖాళీయే. సెలవు అడగక్కర్లేదు, ముందుగా జమ చేసే ఓపిక నాన్న నుంచి నాకే వచ్చింది. నీకు పనికిరానిది నాకు పనికొస్తుంది. కానీ నా తర్వాత నా కూతురికి అది ఉండకూడదు. ఆ మాట నీది, నేను తీసుకుంటున్నా.

తమ్ముడు: ఎలా వదిలించుకుంటావు?

అక్క: ఈ ఫోల్డర్‌లోనే రిసార్టు ఉత్తరం ఒకటుంది. అప్పు, బాకీ లేని యజమాని కోరితే దస్తావేజు వెనక్కి తీసుకుంటామని రాశారు. అది ఈ ఏడాది మాట. అయిదేళ్ల తర్వాత ఆ అవకాశం ఉంటుందో లేదో ఎవరూ హామీ ఇవ్వరు. అందుకని ఏటా అడుగుతూ ఉంటా. వరసగా రెండేళ్లు వాడకపోతే, లేకపోతే వాళ్లు ఆ పద్ధతి ఎత్తేస్తామంటే, ఆ నెలలోనే తిరిగిచ్చేస్తా. రాసి సంతకం పెట్టి మీ ఇద్దరికీ ఇస్తా.

*

ఆ రోజు జులై 4. తమ్ముడు సంతకం పెట్టింది జూన్ 28. ఫ్లోరిడా టైమ్‌షేర్ చట్టం ప్రకారం కొన్నవాళ్లు పది రోజుల్లోపు కారణం చెప్పకుండానే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. సంతకం పెట్టిన రోజు, కాయితాలన్నీ చేతికందిన రోజు, ఈ రెండింటిలో ఏది ఆలస్యమైతే అక్కడి నుంచి లెక్క. ఆ హక్కు వదులుకున్నామని మన చేత రాయించుకున్నా చెల్లదు. జులై 8 వరకు వాడికి సమయం ఉంది. భోజనాలయ్యాక వంటింటి బల్ల మీద కూర్చుని నాలుగు వాక్యాల ఉత్తరం రాశాడు. మర్నాడు శనివారం, పోస్టాఫీసు మధ్యాహ్నం మూసేలోపు సర్టిఫైడ్ మెయిల్‌లో వేసి, రసీదు నాన్న ఫోల్డర్‌లోనే పెట్టాడు. అయిదు వేలూ తిరిగి వచ్చాయి.

ఆగస్టు మొదటి వారంలో నేనూ వాడూ మా వాటాలు వద్దని రాసిచ్చాం. ఇక్కడ ఒక మాట. వీలునామాలో నాన్న ఆ వాక్యం రాయకపోయి ఉంటే మేం వద్దన్న వాటా అక్కకు వెళ్లేది కాదు. వద్దన్నవాళ్లు అంతకుముందే లేనట్టుగా చట్టం చూస్తుంది. అప్పుడు అది చాలాసార్లు వాళ్ల పిల్లల వైపు వెళ్తుంది. మైనరు పిల్లల తరఫున వద్దనాలంటే కోర్టుకు ఎక్కాల్సి వస్తుంది. స్థలం ఫ్లోరిడాలోది గనక అక్కడ ప్రొబేట్, అంటే కోర్టులో వీలునామా నిర్ధారణ, విడిగా నడపాలి, ఇక్కడి ఒహాయో కాయితం ఒక్కటీ చాలదు. ఒక్క వారం సెలవు కోసం రెండు రాష్ట్రాల కోర్టులు.

ఇద్దరిలో ఎవరిది గెలుపని నన్నడిగితే నా తీర్పు ఇది. వచ్చిన వారాన్ని వాడుకునే తీరిక, ముందుగా జమ చేసే అలవాటు, తిరిగిచ్చే దారి మూడూ ఉన్నవాళ్లకు అక్క దారి మంచిది. ఆ మూడింట్లో ఒక్కటి లేకపోయినా గడువులోపు వద్దని రాసివ్వడమే మేలు. అది నాన్నను వదులుకోవడం కాదు. క్లబ్బు మీద మనసుంటే ముందు ఏడాదిపాటు పాయింట్లు అద్దెకు తీసుకుని తిరిగి చూడండి, తర్వాత రీసేల్‌లో ధర చూడండి, ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో మీ కళ్లతో చదవండి. ఇవాళ ఒక్కరోజే ఈ ధర అన్న బల్ల దగ్గర మాత్రం కలం తీయకండి.

మా నాన్న మాకు దాచిందేమీ లేదు. బిల్లులు కూడా వరసగా గుచ్చిపెట్టారు. బతికుండగా మేమే ఒక్కసారీ అడగలేదు. మీ అమ్మానాన్నలకు ఇలాంటి వారం ఒకటి ఉంటే, ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు అడగండి. దస్తావేజు ఎక్కడుంది, ఏటా ఎంత కడుతున్నారు, రిసార్టు వెనక్కి తీసుకుంటుందా, వీలునామాలో ఏం రాశారు. తిరిగిచ్చే వీలుంటే వాళ్ల చేత్తోనే ఇప్పించండి. యజమాని బతికుండగా ఒక్క సంతకంతో అయ్యే పని, ఆ తర్వాత తొమ్మిది నెలల గడువుతో పరుగెత్తే పని అవుతుంది.